బూడిద రాలు రేవుపట్టణము

(రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయపు గోడకు వ్రేలాడు భూగోళ పటములో జపాను దేశమును చూడనివా రుండరు. ఆ దేశపు నాలుగు పెద్ద ద్వీపములలో దక్షిణపుది క్యూషూ. దాని దక్షిణపు కొసను సముద్రము లోపలికి చొచ్చుకొనివచ్చి పొడవైన అఖాత మైనది. ఆ అఖాతపు పడమటి యొడ్డున కగోషిమ అను రేవుపట్టణము కలదు. ఆరు లక్షలకు కొంచెము తక్కువ జనము. వీధులలో ట్రాములు, ఆసుపత్రులు, కళాశాలలు, చేపల బజారు, ఏ పెద్ద పట్టణమునకును తీసిపోని హంగులు. ఆ పట్టణమునకు సరిగా ఎదురుగా, నాలుగు కిలోమీటర్ల నీటి కావల, సకురజిమ యను అగ్నిపర్వతము 1117 మీటర్ల యెత్తున పొగ గ్రక్కుచు నిలిచియున్నది. రాజమహేంద్రవరము వద్ద గోదావరిపై రోడ్డు వంతెన యీ కొసనుండి ఆ కొసకు ఎంత దూరమో, ఇంచుమించు అంతే దూరము. వంతెన ఆవలి కొసను నిప్పుకొండ యుండగా ఈవలి కొసను బడిగంట మ్రోగుచుండుట ఊహించుకొనవలెను.

ఆ పట్టణమునకు పోయిన యాత్రికుడు ఏమి చూచి వచ్చును, ఏమి చూడక వచ్చును అనునదే నేటి ప్రసంగ విషయము.

మొదట ఆ నీటి సంగతి. అఖాతపు ఉత్తర భాగము సామాన్యమైన సముద్రము కాదు. సుమారు 30,000 ఏండ్ల క్రిందట భూగర్భమునందలి ద్రవశిల మహోద్ధృతితో పైకెగసిపోగా, లోపల ఖాళీయై, దూలములు విరిగిన యింటి కప్పువలె నేల లోనికి క్రుంగిపోయెను. అట్లు ఏర్పడిన గుంట యడ్డము ఇరువది కిలోమీటర్లు. దానిలోనికి సముద్రము వచ్చి నిండెను. ఆ గుంట దక్షిణపుటంచున, తరువాత కొన్ని వేల యేండ్లకు తలయెత్తిన కొండయే సకురజిమ. ఆ మహావిస్ఫోటనమున ఎగసిపడిన తెల్లని ధూళియే నేటికిని కగోషిమ మండలపు మెట్టభూములను చాలవరకు కప్పియున్నది.

భారతము ఆదిపర్వమునందలి ఔర్వుని కథ వినినవారికి ఇచ్చట బడబాగ్ని జ్ఞప్తికి రాక మానదు. లోకములను దహింప బూనిన తన క్రోధాగ్నిని ఆ ఋషి పితృదేవతల మాట మన్నించి సముద్రమున విడిచెననియు, అది గుఱ్ఱపు మొగముతో నీటిని త్రాగుచుండుననియు కథ. కథ కథయే. దానిని పట్టుకొని మన పూర్వులు భూగర్భశాస్త్రమంతయు ఎరిగియుండిరని చెప్పుట కథకును గౌరవము కాదు, శాస్త్రమునకును గౌరవము కాదు. నీటి యడుగున నిప్పుండుట వారి యూహకు అందనిది కాలేదు, అంతవరకే.

ద్రవశిల యనగా పరదేశపు వింత యని అనుకొననక్కరలేదు. రాజమహేంద్రవరమునకు చేరువనున్న కాతేరునందును, గోదావరి కావల పంగిడి, దుద్దుకూరు ప్రాంతములందును క్వారీలలో పగులగొట్టి రోడ్లపై పరచెడి నల్లరాయి సుమారు ఆరున్నర కోట్ల యేండ్ల క్రిందట పారి చల్లారిన లావాయే. తెలంగాణము పడమటి భాగమున నల్లరేగడికి మూలమైన రాయియు అట్టిదే. అయితే యిచ్చటి నిప్పు ఎన్నడో ఆరినది. నేటి భారతదేశమున సజీవమైన అగ్నిపర్వతము అండమాను సముద్రమందలి బారెన్ ద్వీపము. అచ్చట మనుష్య నివాసము లేదు. నిప్పుకొండ యెదుట ఆరు లక్షల మంది వంట వండుకొనుట కగోషిమయందే చూడవలెను.

ఎట్లు వండుకొందురు? ఇదియే యాత్రికునకు మొదట కలుగు ఆశ్చర్యము. 1955వ సంవత్సరము అక్టోబరు 13న దక్షిణ శిఖరము పేలినది మొదలు సకురజిమ ఇంచుమించు ఎడతెగక బూడిద చిమ్ముచునే యున్నది. 2011లో పరిశీలకులు లెక్కించిన పేలుళ్లు 996. అనగా సగటున దినమునకు రెండు మూడు. ఆ బూడిద పొయ్యిలోని బూడిదవంటిది కాదు. అది పొడియైన రాయి. కన్నులలో పడినప్పుడు నలుపరాదు, నీటితో కడుగవలెను. మోటారుకారు అద్దముపై పొడిగుడ్డతో తుడిచిన గీతలు పడును. వాన తగిలిన బరువెక్కి యింటి కప్పులపై పేరుకొనును, కాలువలు పూడ్చును, దారులు జారును.

అందుచే అచ్చటి వాతావరణ వార్తలలో ఎండవానలతోపాటు, సకురజిమ శిఖరముపై గాలి యే దిక్కునుండి యే దిక్కునకు వీచునో ప్రతిదినము తెలుపుదురు. వేసవిలో తూర్పుగాలి బూడిదను పట్టణముపైకి తెచ్చును. చలికాలమున వాయవ్యపు గాలి దానిని ఆవలనున్న ఒసుమి ద్వీపకల్పముపైకి కొనిపోవును. ఒకరికి తెరపి కలిగినప్పుడు ఇంకొకరికి కష్టము. గాలి వార్త వినియే యిల్లాండ్రు బట్టలు బయట ఆరవేయుటయో, ఇంటిలో ఆరవేయుటయో నిశ్చయించుకొందురు. ఆకాశము నిర్మలముగా నున్నను గొడుగు తెరచిపట్టి నడచువారిని చూచి క్రొత్తవాడు నవ్వును. మరునాడు వాడును గొడుగు కొనుక్కొనును.

పురపాలక సంఘము వారు ఇంటింటికిని పసుపుపచ్చని సంచులు ఇత్తురు. గృహస్థుడు తన వాకిటను, పెరటను ఊడ్చిన బూడిదను ఆ సంచిలో నింపి, వీధిలో దానికై గుర్తుపెట్టిన చోట నుంచవలెను. బండి వచ్చి తీసికొనిపోవును. రోడ్ల బూడిదను ఊడ్చు యంత్రపు బండ్లు వేరుగా కలవు. ఈ సంచిని మొదట "రాలు బూడిద సంచి" యను అర్థము వచ్చునట్లు పిలిచెడివారు. తరువాత పేరు మార్చి "బూడిదను జయించు సంచి" యనిరి. సంచి అదే, బూడిద అదే, ఊడ్చు చీపురును అదే. ఒక పురపాలక సంఘము పేరు మార్పుతో చేయగలిగిన మేలు ఇంతకుమించి యెక్కడను కానరాదు.

శ్మశానములను చూచినవారు మరి మరచిపోరు. సమాధులపై బూడిద పడకుండ నాలుగు స్తంభములు నిలిపి పైకప్పు వేసినవి అచ్చట విస్తారముగా కానవచ్చును. పెద్దల సమాధులయొద్ద వాడిన పువ్వు ఉండనీయరు. పూల కొనుగోలులో ఆ మండలము జపాను దేశమున ముందు వరుసలో నున్నది. బ్రతికియున్నవారి తలలకు గొడుగు, గతించినవారి తలలకు కప్పు.

కొండ చేయునది కీడు మాత్రమే కాదు. దాని పాదముల వేడినీటి ఊటలు కలవు. సకురజిమ నేలలో కాయు ముల్లంగి ప్రపంచమున కెల్ల పెద్దది. 2003లో ఒక్కటి 31 కిలోలకు పైగా తూగినది. అదే నేలలో చెట్టున కాయు నారింజ మిక్కిలి చిన్నది, మిక్కిలి తీయనిది. ఈవలి యొడ్డున మాత్రము ఆ తెల్లని ధూళినేలలో నీరు నిలువదు, వరి చక్కగా పండదు. 1705లో మయెద రియెమోన్ అను నావికుడు ర్యూక్యూ దీవులనుండి చిలగడదుంపను తెచ్చి నాటెనని ప్రసిద్ధి. గెనుసుగడ్డ యని కొందరు పిలుచు ఆ దుంపయే కరవు కాలమున ఆ ప్రాంతమును బ్రతికించినది. కగోషిమ మండలమునకు పూర్వనామము సత్సుమ. జపాను దేశీయులు నేటికిని దానిని సత్సుమ దుంప యనియే యందురు. తెచ్చినవానిని దేవతగా కొలుచు గుడియు కలదు.

చరిత్ర చెప్పబూనినచో తెల్లవారును గనుక రెండు మూడు మాటలతో విడుచుట మేలు. ఈ పట్టణపువాడైన అంజిరో అను నాతడు మన గోవాకు వచ్చి 1548లో క్రైస్తవ మతము పుచ్చుకొనెను. మరుసటి సంవత్సరము ఆగస్టు 15న అతని వెంట ఫ్రాన్సిస్ జేవియర్ కగోషిమ రేవున దిగెను. 1863లో ఆంగ్లేయుల యుద్ధనౌకలు ఈ పట్టణముపై ఫిరంగులు పేల్చినవి. ఓడిన యవమానముతో తలుపులు మూసికొనుటకు మారుగా, సత్సుమ ప్రభువు రెండేండ్లకే తన యువకులను చదువుకై ఆ ఇంగ్లండునకే పంపెను. జపాను పునరుజ్జీవనమునకు మూలపురుషులలో నొక్కడైన సైగో తకమోరి యిచ్చటనే పుట్టి, 1877లో ప్రభుత్వముపై తిరుగబడి, యిచ్చటి కొండపైననే ప్రాణములు విడిచెను. ప్రభువుల ఉద్యానవనము 1658లో నిర్మింపబడినది నేటికిని కలదు. దానిలో కొండ కట్టలేదు, కొలను త్రవ్వలేదు అనదగును. ఎదుటి సకురజిమయే వారి కొండ, అఖాతమే వారి కొలను.

ఇక పడవ యెక్కవలెను. మనుష్యులను, మోటారు బండ్లను గూడ ఎక్కించుకొను పెద్ద పడవ పదునైదు నిమిషములలో ఆవలి యొడ్డు చేర్చును. యాత్రికులలో పెక్కుమంది రేవు దగ్గరి లావా తోటలో వేడినీటి కాలువయందు పాదములు పెట్టుకొని, పొగను చూచి, మరల పడవ యెక్కి వెనుకకు పోవుదురు. ద్వీపపు దక్షిణ పార్శ్వమున ఒక పాఠశాల ఆవరణలో నిలిపిన రాయి వారిలో చాలమంది కంట పడదు. ఈ ప్రసంగమంతయు ఆ రాతి కొరకే.

1914వ సంవత్సరము జనవరి మాసము. నాడు సకురజిమ నిజముగా ద్వీపము. చుట్టును పల్లెలలో ఇరువది వేలకు మించిన జనము. 10, 11 తేదీలలో భూమి పలుమార్లు కంపించెను. కొండచరియలు విరిగిపడినవి. తీరమున నీరు కాగి పొంగినది. 1779లో కొండ పగిలిన నాటి ముచ్చటలు తాతముత్తాతల నోట వినుచు వచ్చిన ముసలివారు ఇవి మంచి శకునములు కావనిరి. వారి మాట పట్టుకొని వేలకొలది జనము పిల్లలను, మూటలను దోనెలలో వేసికొని ముందుగనే యొడ్డు దాటిరి.

తూర్పు సకురజిమ గ్రామాధ్యక్షుడు చదువుకొన్నవాడు, బాధ్యత తెలిసినవాడు. పట్టణమునందలి వాతావరణ పరిశీలనాలయము వారిని ఒకసారి కాదు, పలుసార్లు అడిగించెను. సకురజిమ పేలదు అని ప్రత్యుత్తరము వచ్చెను. దానిని నమ్మి, కంగారుపడి పారిపోవలదని అతడు ప్రజలకు చెప్పెను. 12వ తేదీ ఉదయము పది గంటలు దాటగనే కొండ మొదట పడమటి వైపునను, కొద్ది నిమిషములకే ఆగ్నేయము వైపునను పగిలెను. మిగిలినవారికి పడవలు చాలలేదు. చలికాలపు సముద్రములోనికి దుమికి ఈదిరి. గ్రామాధ్యక్షుడు బ్రతికి బయటపడెను. గ్రామ కార్యాలయపు కోశాధికారియు, ఒక గుమాస్తాయు మరణించిరి.

మన పలుకుబడిలో చెప్పిన, గ్రామపు లెక్కలు చూచు కరణము, అతని సహాయకుడు. వారిని గురించి యొక్క నిమిషము నిలువవలెను. వారు మూర్ఖులు కారు. గ్రామమున చదువను వ్రాయను నేర్చిన కొద్దిమందిలోనివారు. పుకార్లను నమ్మరాదని, తెలిసినవారిని అడిగి తెలిసికొనవలెనని బుద్ధిమంతులు చెప్పునదంతయు వారు చేసిరి. అడుగవలసిన కార్యాలయమునే అడిగిరి. వచ్చిన జవాబును గౌరవించి, కార్యాలయమును విడువక కూర్చుండిరి. చదువులేని పల్లెవారు ముందు దాటి బ్రతికిరి. చదివినవారు చదువును నమ్మి చచ్చిరి. వారి యింటిపేర్లు ఆ రాతిపై చెక్కబడియున్నవి.

ఆ సాయంకాలము భూకంపము వచ్చి ఈవలి పట్టణమున గోడలు కూలెను. మృతులు, కానరాకపోయినవారు అందరును కలిసి 58 మంది. వారిలో ఇంచుమించు సగము మందిని బలిగొన్నది ఆ భూకంపమే. ఇరువది వేల జనమున్న దీవి పగిలినప్పుడు ఇంత తక్కువ నష్టము కలుగుటకు కారణము ముందుగా కదలిన కాళ్లే. లావా నెల ముగియులోపల తూర్పున 400 మీటర్ల వెడల్పుగల జలసంధిని పూడ్చివేసి సకురజిమను ఒసుమి భూభాగముతో కలిపెను. పేరులో ద్వీప మున్నను నాటినుండి యది ద్వీపము కాదు. కురొకమి యను పల్లెలో మూడు మీటర్ల యెత్తైన దేవాలయ తోరణము బూడిదలో కూరుకొనిపోయి పైకొన మాత్రము మిగిలెను. త్రవ్వి తీయబోగా ఆనాటి గ్రామ పెద్ద వలదనెను. రాబోవువారు చూడవలెనని అట్లే యుంచిరి.

పదియేండ్లకు, 1924 జనవరిలో, ఆ రాయిని నిలిపిరి. ప్రమాదము నాటి గ్రామాధ్యక్షుడు తాను చేసిన హితబోధ వలన కలిగిన చావులను మరువలేక, ఇట్టి శిల యొకటి నిలుపవలెనని కోరి గతించెను. అతని తరువాతివారు ఆ కోరిక తీర్చిరి. జరిగినదంతయు చెప్పి, ప్రజలు సిద్ధాంతమును నమ్ముకొనియుండరాదని, వింతమార్పులు కన్నంతనే ముందుగా తప్పించుకొనుటయే ముఖ్యమని దానిపై వ్రాసిరి.

జపాను దేశమున కొందరు దీనిని శాస్త్రమును నమ్మరాదను శిల యని పిలుతురు. పుస్తకముల కొరకు కట్టిన యింటిలో కూర్చుండి ఈ మాట వినుట కొంత కష్టముగనే యుండును. ఇరువదియైదేండ్లుగా చదువుడు, చదివినదానిని నమ్ముడు అని చెప్పుచు వచ్చిన గ్రంథాలయము ఆ రాతికి ఏమి జవాబు చెప్పవలెను? తప్పించుకొని పోరాదు.

రాతిని కడవరకు చదివినవారికి కొంత దారి దొరకును. అది యన్నది సిద్ధాంతమును నమ్ముకొనియుండవలదని. చదువును మానుడని యనలేదు. కాగిన నీటిని, విరిగిన చరియను కన్నులతో చూచి గ్రహింపుడనుట మాత్రము చదువు కాదా? 1779 నాటి కథను మరువక మనుమలకు చెప్పిన ముసలమ్మ గ్రంథాలయము చేయు పనియే చేసినది. ఇక పరిశీలనాలయము వారి సంగతి. వారియొద్ద నాడు ఉన్న సాధనములు స్వల్పము. కొండ లోపల ఏమి జరుగుచున్నదో కొలుచు యంత్రము లేదు. తెలియదు అని చెప్పవలసినచోట పేలదు అని చెప్పిరి. కొలువని పొలమునకు విస్తీర్ణము వ్రాసినట్లైనది. లెక్క వ్రాయుట తప్పు కాదు, కొలువక వ్రాయుట తప్పు. ఆ తప్పు వ్రాసినవారి యింట కాక, చదివినవారి యింట దీపము లార్పినది.

రాతిపై నింకొక మాటయు కలదు. మామూలు దినములలో కష్టించి పని చేసి, పొదుపుగా సంసారము నడపుకొని, ఎప్పుడు ఆపద వచ్చినను దారి తప్పనంత సిద్ధముగా నుండవలెనని. నిప్పుకొండ గురించి వ్రాసిన శాసనములో పొదుపు ముచ్చట యేల యని తోచవచ్చును. ఇల్లు విడిచి రాత్రికి రాత్రి పోవలసినవానికి చేతిలో పది రూకలుండుట యెంత యక్కరయో పోయినవారికే తెలియును. ఆ శాసనము వ్రాసినవారు పల్లెటూరి మనుష్యులని దీనిచేతనే తెలియుచున్నది.

కగోషిమవారు తరువాత చేసిన పని చూడుడు. కొలిచెడివారిని కొండ దగ్గరకే రప్పించుకొనిరి. 1960లో క్యోటో విశ్వవిద్యాలయము వారు సకురజిమపైననే పరిశోధనాలయము నెలకొల్పిరి. కొండలో సొరంగములు త్రవ్వి, వాటిలో నేల వాలును కొలుచు గొట్టముల నమర్చిరి. మేస్త్రీ గోడకు పెట్టు రసమట్టము వంటిదే, కాని ఎన్నో వేల రెట్లు సూక్ష్మమైనది. పేలుటకు ముందు ద్రవశిల పైకి వచ్చుచుండగా కొండ యించుకంత ఉబ్బును. నేల కంటికి తెలియనంత వాలును. గొట్టము దానిని పట్టును. కొన్ని పేలుళ్లకు ముందు నిమిషములు, కొన్నిటికి గంటలు వ్యవధి దొరకుచున్నది. అన్నిటికిని కాదు.

2022 జూలై 24 రాత్రి ఎనిమిది గంటలు దాటగనే దక్షిణ శిఖరము గట్టిగా పేలి రాళ్లు దూరముగా విసరెను. ప్రభుత్వము వారు అయిదు మెట్ల హెచ్చరికలలో కడపటిదైన అయిదవది ప్రకటించిరి. దక్షిణపు టొడ్డున అరిమురా, ఫురుసాతో అను పల్లెలలోని 51 మందిని ఇండ్లు ఖాళీ చేయుమనిరి. మూడు దినములకు హెచ్చరిక మూడవ మెట్టునకు దిగెను. ఎవరికిని ప్రాణహాని లేదు. తొందరపడిరని ఎగతాళి చేసినవారుండిన నుండవచ్చును. ఆ ఎగతాళి పడుటకు కార్యాలయమువారు సిద్ధపడుటయే 1914కును నేటికిని గల భేదము.

కొండ లెక్క యింకను తీరలేదు. 1914లో ద్రవశిల బయటికి పోగా అఖాతము చుట్టుపట్ల నేల క్రుంగెను. అది యేటేట కొంచెము కొంచెముగా మరల లేచుచున్నది. నాడు ఖర్చు పడినదానిలో నూటికి తొంబది పాళ్లవరకు మరల జమపడినదని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పుచున్నారు. మిగిలిన పది యెప్పుడు నిండునో, నిండగనే పగులునో, తేదీ మాత్రము వారు చెప్పరు.

సకురజిమ జనము నాటి యిరువది వేలనుండి అయిదు వేల లోపునకు తగ్గిపోయినది. రోడ్ల ప్రక్కన రాళ్లవాన నుండి దాగుటకు కాంక్రీటు గుహలు కట్టబడియున్నవి. బడిపిల్లలు పసుపుపచ్చని గట్టి టోపీలు పెట్టుకొని నడతురు. ఏటేట పట్టణమువారును, దీవివారును కలిసి ఇండ్లు విడిచి పోవుటను అభ్యాసము చేయుదురు. పేలుడు వచ్చినదనుకొని, ముసలివారిని చేయిపట్టి నడిపించి, తమ తమ పల్లె రేవులకు చేరి, ఆవలి యొడ్డునకు పోవు క్రమమును సరిచూచుకొందురు. ఆ దినమున కొండ పొగ గ్రక్కినను, ఊరకున్నను ఆ పద్ధతి మారదు.